థండర్‌బర్డ్ 350 ముందు మడ్‌గార్డ్: పొట్టిది వేయించుకోవచ్చా?

ప్రశ్న (తిరుపతి): అన్నలూ, రేణిగుంట రోడ్డులో ఆటో రాసుకుపోయి నా రాయల్ ఎన్‌ఫీల్డ్ థండర్‌బర్డ్ 350 బైకు ముందు మడ్‌గార్డ్ సొట్టపోయింది. ఎడమ పక్క క్లాంపు కూడా వంగింది. కొత్తది వేసుకోమంటున్నాడు మెకానిక్. ఎలాగూ మారుస్తున్నా కదా, బాబర్ బండ్లకున్నట్టు (మడ్‌గార్డులు కురచగా కోసిన స్టైలు) పొట్టిది బిగిద్దామని ఆశ. ఆన్‌లైన్‌లో అన్ని బండ్లకీ పడతాయని ఫైబర్‌వి అమ్ముతున్నారు. లేకపోతే రాయల్ ఎన్‌ఫీల్డ్‌దే మీటియర్ 350 బండిది పడుతుందా?

జవాబు (చిత్తూరు): తమ్ముడూ, అందం సంగతి తర్వాత. ముందు టైరు మీదున్న నంబరు చదువు. నీ బండికి కంపెనీ ఇచ్చింది 90/90-19, మీటియర్‌కి 100/90-19. మొదటిది వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది అందులో గోడ ఎత్తు ఎంత శాతమో, చివరిది రిమ్ము అంగుళాల్లో. రిమ్ము సైజు ఒకటే. మీటియర్ టైరు సెంటీమీటరు వెడల్పు, దాని గోడ 9 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువ. కాబట్టి దాని మడ్‌గార్డ్‌లో నీ టైరుకు చోటు చాలకపోవడం ఉండదు, బోల్టు రంధ్రాలు కలుస్తాయా అన్నదే తేలాలి. ఫోర్కుల (ముందు చక్రానికి అటూ ఇటూ ఉండే గొట్టాల) మధ్య దూరం, బోల్టుల మధ్య దూరం టేపుతో కొలిచి రాసుకుని షాపుకు పో. బజాజ్ అవెంజర్‌ది అంటగడితే మాత్రం తీసుకోకు, దాని ముందు చక్రం 17 అంగుళాలే.

పొట్టిది ఫొటోల్లో బాగుంటుంది, కాదనను. కానీ మన వైపు గట్టి వానలు అక్టోబరు, నవంబరుల్లో. నీ బండిలాంటి క్రూయిజర్‌కి ఫోర్క్ వాలుగా ఉండి చక్రం ముందుకు జరిగి ఉంటుంది. వెనక తోక కోసేస్తే బురదంతా నేరుగా ఇంజనును చల్లబరిచే ఫిన్నుల (రెక్కల) మధ్యకే. ఎండి గట్టిపడ్డాక పుల్ల పెట్టి గీకాల్సిందే. అంత ముచ్చటగా ఉంటే ముందు వైపు కొంచెం తగ్గించుకో, వెనక వైపు ముట్టుకోకు.

ప్రశ్న: సరే అన్నా. ఘాట్ దిగేటప్పుడు బ్రేకు కొడితే ఫోర్క్ కిందికి దిగుతుంది కదా, అప్పుడు టైరుకు రాసుకోదా?

జవాబు (చిత్తూరు): రాసుకోదు. మడ్‌గార్డ్ బిగించేది ఫోర్క్ కింది గొట్టానికి, చక్రంతో పాటే పైకీ కిందికీ ఆడుతుంది. స్టాండ్ మీద ఉన్న సందే ఘాట్‌లోనూ ఉంటుంది. హెడ్‌లైట్ కింద ఎత్తుగా బిగించే రకమైతేనే ఆ టెన్షన్.

ఇంకో జవాబు (చంద్రగిరి): ఫైబర్‌ది నేనైతే వేయను. లోపలి ఇనుప పట్టీ రెండు ఫోర్కుల్నీ కలిపి పట్టుకుంటుంది, పల్చటి ఫైబర్‌కి ఆ బిగువు రాదు. అన్నిటికంటే ముఖ్యం బోల్టులు. ఒకటి ఊడి మడ్‌గార్డ్ చక్రం మీదికి ఒరిగిందంటే ముందు చక్రమే పట్టేస్తుంది. గుండ్రటి తల టైరు వైపు, నట్టు బయటి వైపు రావాలి, నైలాక్ నట్టే (లోపల నైలాన్ రింగుండి అదురుకు వదులవనిది) వాడు. విప్పేముందు బ్రేకు గొట్టం, ఏబీఎస్ (బ్రేకు కొడితే చక్రం పట్టేయకుండా చూసేది) ఉంటే దాని వైరు ఏ క్లిప్పులోంచి పోతున్నాయో ఫోన్‌లో ఫొటో తీసిపెట్టుకో. ఇనుపదే తీసుకుంటే లోపలి వైపు కూడా ప్రైమర్ కొట్టించు. పెయింటర్లు పైపైన కొట్టి ఇచ్చేస్తారు, తుప్పు మొదలయ్యేది లోపల క్లాంపు అంచు దగ్గరే.