ముసలమ్మది త్యాగమా, ఊరు తీసుకున్న బలా?

సీమరైతు:
మొన్న అనంతపురం దగ్గరి బుక్కరాయసముద్రం మీదుగా పోతూ ముసలమ్మ కట్ట దగ్గర ఆగాను. ఇంటికొచ్చి కట్టమంచి రామలింగారెడ్డి ‘ముసలమ్మ మరణం’ కావ్యం మళ్లీ తీశాను. కథ తెలియనివాళ్లకు: చెరువు కట్ట తెగబోతోంది. బసిరెడ్డి చిన్న కోడలు ముసలమ్మను బలిస్తే నిలుస్తుందని దేవత మాట. ఆమె తనే వెళ్లి నీళ్లలో కలిసిపోతుంది. ఊళ్లో అంతమంది ఉండగా చిన్న కోడలే ఎందుకు? కవి ఆమెను పొగిడి సరిపెట్టాడనిపించింది.

పాతపుస్తకం:
అన్యాయమండీ ఆ మాట. 1899లో మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదువుతూ, పోటీ కోసం రాసిన కావ్యం అది. ఆయనకు అప్పటికి ఇరవయ్యేళ్లు కూడా లేవు. బ్రౌన్ అచ్చు వేయించిన అనంతపురం చరిత్రలోని చిన్న కథ తీసుకుని, ఒక రైతు ఇంటి కోడల్ని నాయికను చేశాడు. రాణులు, అప్సరసలు లేని కావ్యాలు ఆ రోజుల్లో ఎన్నున్నాయి?

సీమరైతు:
నాయికను చేశాడు సరే. చివరికి నీళ్లలోకే దింపాడు కదన్నా.

హోస్పేట కోడలు:
మా అత్తగారి ఊరి వైపు ‘కెరెగె హార’ అని కన్నడ జానపద పాట ఉంది. చెరువు తవ్వుతారు, నీళ్లు పడవు. అక్కడా బలి చిన్న కోడలే, పేరు భాగీరథి. దండులో ఉన్న మొగుడు తిరిగొచ్చి, సంగతి తెలిసి తనూ ఆ చెరువులోనే దూకుతాడు. పాట వింటే పొగడ్త కన్నా నిష్ఠూరమే ఎక్కువ వినిపిస్తుంది నాకు. మన కావ్యంలో లేనిది అదే.

పాతపుస్తకం:
అక్కడ నీళ్లు లేవు, ఇక్కడ నీళ్లు ఆగట్లేదు. కట్ట తెగుతుంటే నిష్ఠూరాలకు టైమెక్కడిదమ్మా?

చెరువుగట్టు:
చెరువు పనులు చూసినవాణ్ని కాబట్టి చెబుతున్నా. మట్టికట్ట ఊరికే తెగదు. మరువ, అంటే ఎక్కువైన నీళ్లు బయటికి పోయే దారి, పూడిపోతే నీళ్లు కట్ట మీదుగా పొర్లుతాయి. లేదంటే ఎలుక బొరియల వెంట ఊట పట్టి గండి పడుతుంది. 14వ శతాబ్దంలో, బుక్కరాయల కాలంలో, పండమేరు వాగుకు అడ్డంగా వేసిన కట్ట. ఏటా దాన్ని చూసుకోవాల్సిన పెద్దలెవరో ఊరందరికీ తెలిసే ఉంటుంది. దేవత మాత్రం వాళ్ల పేరెత్తలేదు.

సీమరైతు:
నేను అడగబోయిందీ అదే సార్. ఇంకోటి, పేరు ముసలమ్మ, మనిషేమో పడుచు పిల్ల. చదివినప్పుడల్లా అక్కడే ఆగిపోతాను.

పాతపుస్తకం:
మరువ సంగతి నాకు తట్టలేదు, ఒప్పుకుంటున్నా. త్యాగం కాదంటే మాత్రం ఒప్పుకోను. అత్తమామల మాటలున్న పద్యాలు మళ్లీ చూసి రాత్రికి రాస్తాను.