వేళ్లు చిటికెనవేలి వైపు ఒరుగుతున్నాయి: స్పాంజి బంతి పిసకాలా, వద్దా?

వేలచేరి వాసి:

నమస్కారమండీ. అమ్మకు 54 ఏళ్లు. రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్లవాతం) అని తేలి 7 వారాలైంది, దాన్ని పట్టే యాంటీ సీసీపీ రక్తపరీక్ష పాజిటివ్. మెథోట్రెక్సేట్ వారానికి 15 మి.గ్రా., మర్నాడు ఫోలిక్ యాసిడ్ 5 మి.గ్రా. వాడుతోంది. రెండు చేతుల్లోనూ చూపుడువేలు, మధ్యవేలు పిడికిలి కణుపుల దగ్గర మెత్తగా ఉబ్బి ఉన్నాయి. పొద్దున గంటన్నర దాకా పిడికిలి బిగియదు. కుడి అరచెయ్యి బల్ల మీద ఆనిస్తే నాలుగు వేళ్లూ కాస్త చిటికెనవేలి వైపు ఒరిగినట్టు కనిపిస్తున్నాయి.

పక్కింటివాళ్లు స్పాంజి బంతి పిసకమంటున్నారు, చుట్టాలేమో చేతులకు పూర్తిగా విశ్రాంతి ఇమ్మంటున్నారు. అమ్మ ఇడ్లీపిండి గ్రైండర్ మాత్రం వదలనంటోంది. బెల్టులు, స్ప్లింట్లు (కీలును కదలకుండా పట్టి ఉంచే పట్టీలు) ఇప్పుడే కొనాలా?

చేతిపని:

ముందు ఒక పరీక్ష చేయండి. ఒరిగిన వేళ్లను రెండో చేత్తో మెల్లగా బొటనవేలి వైపు జరపండి. నొప్పి లేకుండా తిన్నగా వస్తే కీలు ఇంకా మెత్తగానే ఉంది, సర్దుకోవడానికి వీలుంది. రాకపోతే వచ్చే విజిట్ దాకా ఆగకుండా రుమటాలజిస్టుకు (కీళ్లవాతం డాక్టరుకు) చూపించండి.

వేళ్లు ఎందుకు ఒరుగుతాయంటే, కీలు లోపలి పొర ఉబ్బి, ఎముకల్ని పట్టి ఉంచే బంధనాల్ని సాగదీస్తుంది. వేలు చాపే టెండన్, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాడు, కణుపు నెత్తిన కూర్చుని ఉండాలి. బంధనం వదులైతే అది చిటికెనవేలి వైపు గాడిలోకి జారుతుంది. ఆ తర్వాత గట్టిగా పట్టుకున్న ప్రతిసారీ ఆ టెండనే వేలిని పక్కకు లాగుతుంది. కాబట్టి ఎంత పని చేశారన్నదాని కంటే బరువు ఏ వైపు పడిందన్నది ముఖ్యం. కాఫీ కప్పు చెవి పట్టుకుంటే కప్పు బరువు వేళ్లను చిటికెనవేలి వైపుకే నెడుతుంది. పొడుగు పిడి ఉన్న మూకుడు కూడా అంతే. రెండు చెవుల గిన్నెను రెండు అరచేతుల మధ్య ఎత్తితే ఆ తోపు ఉండదు.

బంతి ఇప్పుడు వద్దు. ఉబ్బిన కణుపుతో బిగించి పిసికితే వేలు వంచే టెండన్లు ఎముకను అరచేతి వైపుకు, పక్కకు గుంజుతాయి. పూర్తి విశ్రాంతి కూడా వద్దు, వేళ్లు అలాగే బిగుసుకుపోతాయి.

పొద్దున లేవగానే గోరువెచ్చని నీళ్లలో, అంటే 38–40 డిగ్రీలు, రెండు చేతులూ 5–10 నిమిషాలు ముంచి, నీళ్లలోనే ఈ వరస చేయించండి:

వేళ్లన్నీ తిన్నగా చాపాలి. తర్వాత పిడికిలి కణుపులు చాపి ఉంచి, పై రెండు కీళ్లు మాత్రమే వంచాలి, కొక్కెంలా. తర్వాత నిండు పిడికిలి, వదులుగా. తర్వాత వేళ్లు తిన్నగా ఉంచి కణుపుల దగ్గర మాత్రమే వంచాలి, బల్ల అంచులా. ఒక్కో భంగిమలో 5 సెకన్లు, మొత్తం 5 సార్లతో మొదలుపెట్టి 10 దాకా.

ఆ తర్వాత అరచెయ్యి బల్ల మీద చదునుగా ఆనించి, చూపుడువేలిని బొటనవేలి వైపు జరపాలి, దాని వెనకే మధ్యవేలు, ఉంగరపు వేలు, చివర చిటికెనవేలు. ఒరుగుడుకు ఎదురు దిశలో నడిపించడమన్నమాట. అన్నిటిలోకీ దీన్ని మాత్రం మానొద్దు.

కొలత ఒకటే: వ్యాయామం వల్ల నొప్పి 2 గంటలు దాటి ఉంటే మర్నాడు సగానికి తగ్గించండి. వేడిగా, ఎర్రగా ఉబ్బిన రోజున ఒక్కో కీలును ఒకటి రెండుసార్లు కదిపి వదిలేయండి. ఆ రోజు మైనం స్నానం (కరిగించిన మైనంలో చేతులు ముంచడం), వేడి కాపడం పెట్టొద్దు. తడిగుడ్డలో చుట్టిన ఐస్ 10 నిమిషాలు చాలు.

మందుల చీటీ:

"బంతి వద్దు" అన్నదాన్ని కాస్త సవరించాలి. రుమటాయిడ్ చేతుల కోసం బ్రిటన్‌లో సారా అనే పరీక్ష జరిగింది, 490 మందితో. 2015లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. కదలిక వ్యాయామాలు 7, బలం కోసం 4. వాటిలో పిడికిలి బిగించే వ్యాయామం కూడా ఉంది, చేతుల పనితీరు మెరుగైంది. అయితే అందులో చేరినవాళ్లు కనీసం 3 నెలలుగా మందు స్థిరంగా వాడుతున్నవాళ్లు. ఈ అమ్మగారికి ఇంకా 7 వారాలే. మెథోట్రెక్సేట్ పనితనం తెలియడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది. వాపు దిగాక, థెరపిస్టు చూసి, చపాతీ పిండి కంటే మెత్తని ముద్దతో మొదలుపెట్టవచ్చు. అప్పటికీ గట్టి రబ్బరు బంతి అక్కర్లేదు.

చేతుల కథంతా మందు మీదే ఆధారపడి ఉంది కనుక దాని గురించి ఒక మాట. వారం మందు పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఒక వారం, ఒక రోజు అని క్యాలెండర్ మీద రాసి పెట్టండి. ఇంకో చిక్కు: ఇన్నాళ్లూ 2.5 మి.గ్రా. మాత్రలు 6 వేసుకుంటున్నవారికి షాపులో 7.5 మి.గ్రా. స్ట్రిప్ ఇస్తే, అలవాటు కొద్దీ 6 వేసుకుంటే 45 మి.గ్రా. అవుతుంది. ఇంట్లో ఒకే బలం మాత్రలు ఉంచండి, స్ట్రిప్ మారినప్పుడల్లా అంకె చదవండి.

నోట్లో పుళ్లు, జ్వరం, పొడి దగ్గు, ఆయాసం వస్తే ఆ వారం డోసు ఆపి డాక్టరుకు ఫోన్ చేయాలి. మూత్రంలో మంట అని ఎవరైనా సెప్ట్రాన్ అనే యాంటీబయాటిక్ రాస్తే మెథోట్రెక్సేట్ వాడుతున్నట్టు చెప్పి తీరాలి, రెండూ కలిస్తే రక్తకణాలు పడిపోతాయి. మొదటి 3 నెలలు 2–4 వారాలకోసారి రక్తకణాలు, కాలేయం, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు) పరీక్షలు ఉండాలి.

చేతులకు, పాదాలకు ఎక్స్‌రే తీయించి దాచండి, తర్వాత పోల్చడానికి అదే ఆధారం. ప్రైవేటు ఖర్చు బరువైతే చెన్నై సెంట్రల్ రైల్వే స్టేషన్ ఎదురుగా ఉన్న రాజీవ్ గాంధీ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో రుమటాలజీ విభాగం ఉంది.

అడయార్ వంటిల్లు:

గ్రైండర్ వదలక్కర్లేదు, కానీ రాయి చేత్తో ఎత్తడం మానాలి. డ్రమ్ముతో సహా వంగే మోడల్ అయితే పిండి ఒంపుకోవచ్చు. మామూలుదైతే రాయి తీయడం, కడగడం ఇంట్లో మరొకరి పని అని ఖాయం చేసుకోండి. పిండి చేత్తో కలపడం పర్వాలేదు, అరచెయ్యంతా తెరిచి తిప్పాలి. గిన్నె అంచుకు అంటిన పిండిని వేళ్ల కొసలతో గీకొద్దు, గరిటె వాడండి.

చింతపండు వేడినీళ్లలో నానేసి, జల్లెడలో వేసి చెంచా వెనకతో నొక్కితే చాలు, పిసకడం ఉండదు. కొబ్బరి కోరడం మిక్సీకి వదిలేయండి. గుమ్మడికాయ, కంద కొట్లోనే ముక్కలు చేయించండి. జంతికల గొట్టం చేత్తో నొక్కే రకం అయితే దాన్ని అటకెక్కించి, పైన పిడి తిప్పే రకం తెచ్చుకోండి. అది కూడా అరచేతి మడమతోనే తిప్పాలి, వేళ్లతో కాదు.

సీసా మూత రానప్పుడు చెంచా కొస అంచు కింద దూర్చి గాలి లోపలికి పోనిస్తే సగం బిగువు వదులుతుంది. తర్వాత రబ్బరు ముక్క వేసి, అరచెయ్యి పైన ఆనించి భుజంతో తిప్పాలి.

20 లీటర్ల నీళ్ల క్యాన్ చెన్నైలో ప్రతి ఇంటికీ ఉండే గండం. దాన్ని ఎత్తి బోర్లించొద్దు. మూతికి తగిలించే ఛార్జింగ్ పంపు పెడితే క్యాన్ నేల మీదే ఉంటుంది. గరిటెలు, దువ్వెన, టూత్‌బ్రష్ పిడులు లావు చేయడానికి ఏసీ రాగి గొట్టానికి తొడిగే నల్ల ఫోమ్ పైపు పనికొస్తుంది. ఏసీ విడిభాగాల కొట్లో మీటరు కొని 12 సెం.మీ. ముక్కలు కోయండి. పొయ్యి దగ్గర గరిటెకు మాత్రం మంట తగలని చివరే తొడగాలి, లేకపోతే కరుగుతుంది.

తడిబట్టలు పిండకుండా, మడిచి బకెట్ అంచు మీద అరచేతులతో నొక్కండి. ధనుర్మాసం ముగ్గుకు చిటికెలో పిండి పట్టుకోవడం, మల్లెలు కట్టడం బొటనవేలి మొదలుకు కష్టం. పావుగంటకోసారి చెయ్యి విప్పాలి.

అన్నం కలుపుకోవడం గురించి ఎవరూ భయపడొద్దు, అది మంచి వ్యాయామమే.

చేతిపని:

స్ప్లింట్ల సంగతి మిగిలింది. కొట్లో దొరికే మణికట్టు బెల్టు పనుల వేళ మాత్రమే, మణికట్టు నొప్పి ఉంటేనే. దాని ముందంచు అరచేతి గీతల కిందే ఆగాలి. గీతలు దాటితే కణుపులు వంగవు, వేళ్లు బిగుసుకుంటాయి. కొన్నప్పుడు వేసుకుని పిడికిలి బిగించి చూడాల్సింది అందుకే. రాత్రిపూట వేళ్లను నిలిపే స్ప్లింట్ కొలత తీసి చేయించాలి, కె.కె.నగర్ ప్రభుత్వ పునరావాస వైద్య సంస్థ లాంటి చోట్ల. వేడికి మెత్తబడే ప్లాస్టిక్‌తో చేసినదైతే ఎండలో ఆపిన కారులో వదిలినా, వేడినీళ్లతో కడిగినా వంకరపోతుంది. మన చెమటకు లోపల నూలు గొట్టం తొడిగి రోజూ మార్చండి.

మధ్య కీలు వెనక్కి వంగి, కొస కీలు కిందికి వాలుతుంటే అది హంస మెడ వంపు. దానికి ఎనిమిది అంకె ఆకారంలో ఉండే ఉంగరం స్ప్లింట్ వేస్తారు, వేలు వంగనిస్తుంది, వెనక్కి పోనివ్వదు.

ఉంగరాలు ఇవాళే తీయించండి. ఇరుక్కుంటే చెయ్యి పైకెత్తి పట్టుకుని, సబ్బు రాసి, ఉంగరం కింద దారం దూర్చి, పైన కణుపు దాటేదాకా వరసగా బిగించి చుట్టి, కింది కొస తిప్పుతూ విప్పితే ఉంగరం జారుతుంది. వేలు నీలంగా మారినా, స్పర్శ పోయినా అవేమీ చేయకుండా కోయించడమే.

వేలచేరి వాసి:

చాలా థాంక్స్ అండీ. వేళ్లు చేత్తో జరిపితే తిన్నగానే వచ్చాయి, నొప్పి లేదు. ఒరుగుడు పెరుగుతోందో లేదో ఇంట్లో ఎలా తెలుసుకోవాలి? ఏ లక్షణానికి పరిగెత్తాలి?

చేతిపని:

నెలకోసారి, అదే రోజు, అదే సమయానికి తెల్లకాగితం మీద చెయ్యి ఆనించి పెన్సిల్‌తో గీత గీయించి తేదీ వేయండి. మధ్యవేలి గీత మణికట్టు మధ్యకు ఎంత కోణంలో ఉందో పాత కాగితాన్ని వెలుతురుకు పట్టి పోల్చితే కనిపిస్తుంది. ఫోన్ ఫోటో కోణం మారితే మోసం చేస్తుంది.

ఆగకూడనివి: చిటికెనవేలు లేదా ఉంగరపు వేలు ఉన్నట్టుండి చాపలేకపోవడం. నొప్పి లేకపోయినా అది టెండన్ తెగడం కావచ్చు, చేతి శస్త్రచికిత్స నిపుణుడికి ఆ వారంలోనే చూపించాలి, ఆలస్యమైతే పక్క టెండన్ కూడా తెగుతుంది. రాత్రి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కడం అంటే మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతోంది, రాత్రిపూట మణికట్టు వంగకుండా బెల్టు, వచ్చే విజిట్‌లో చెప్పడం. ఒక్క కీలు మాత్రమే నిప్పులా కాలి జ్వరం వస్తే అది రుమటాయిడ్ అని సరిపెట్టుకోవద్దు, కీలులో చీము కావచ్చు. అదే రోజు ఆసుపత్రి.

మందుల చీటీ:

నాటు వైద్యం పొట్లాలు ఎవరైనా ఇస్తే, 3 రోజుల్లో వాపు మాయమైతే, అందులో స్టెరాయిడ్ ఉందేమోనని అనుమానించండి. చాలా రోజులు వాడి ఉంటే ఒక్కసారిగా ఆపొద్దు, డాక్టరుకు చూపించి మెల్లగా తగ్గించాలి.