446 మార్కులకు బెంగళూరు ప్రభుత్వ డెంటల్ కాలేజీలో సీటు వస్తుందా?

హొసూరురోడ్డు_నాన్న
అందరికీ నమస్కారం. మా అమ్మాయికి నీట్ 2025లో 446 వచ్చాయి. ఆలిండియా ర్యాంకు లక్షా ఇరవై వేల చిల్లర. జనరల్ మెరిట్. ఒకటో తరగతి నుంచి పన్నెండు దాకా బెంగళూరులోనే చదివింది కాబట్టి, ఇక్కడ సీట్లు కేటాయించే కేఈఏ వాళ్ల నిబంధనతో (కర్ణాటకలో ఏడేళ్లు చదివి ఉండాలన్నది) ఇబ్బంది లేదు. విక్టోరియా ఆసుపత్రి దగ్గరున్న ప్రభుత్వ డెంటల్ కాలేజీ, అది కాకపోతే ఆర్‌వీ, రామయ్య లాంటి పేరున్న ప్రైవేటు డెంటల్ కాలేజీలు. వీటికే ఆప్షన్లు పెడదామనుకుంటున్నాం. నిరుడు ప్రభుత్వ కాలేజీకి 550 దాకా కావాల్సి వచ్చిందని మా బావమరిది అంటున్నాడు. ఆశ పెట్టుకోవచ్చా, లేదా? తెలిసినవాళ్లు చెప్పండి.

లాంగ్‌టర్మ్_తమ్ముడు
446 అంటే తక్కువేం కాదు అంకుల్. విజయవాడలో లాంగ్ టర్మ్, అంటే మళ్లీ నీట్ రాయడానికి ఏడాది కోచింగ్, వేయించండి. వచ్చే ఏడాదికి ఎంబీబీఎస్సే వస్తుంది.

లెక్కల_మేడమ్
ముందు ఆ 550 మాట పక్కన పెట్టండి. 2024లో 550 వచ్చినవాళ్ల ర్యాంకు లక్ష దాటిపోయింది. ఆ ఏడాది 720కి 720 వచ్చినవాళ్లే ఎంతోమంది. 2025లో ఫిజిక్స్ పేపర్ పిల్లల్ని ఏడిపించింది, మొదటి ర్యాంకుకే 686. అదే 550కి ఈసారి ర్యాంకు 12 వేల దగ్గర. మార్కులు అవే, ర్యాంకుల మధ్య ఎంత దూరముందో చూడండి. నిరుటి మార్కులతో ఈ ఏటి సీటు లెక్క కట్టేవాళ్ల మాట వినొద్దు. నిరుటి ఆఖరి ర్యాంకు చూడండి, అదీ కేఈఏ పెట్టిన జాబితాలో, మీ కేటగిరీకి, ఒక్కో రౌండుకు విడివిడిగా.

ఇంకొకటి. డెంటల్ కటాఫ్ మొదటి రౌండులో చూస్తే గుండె ఆగుతుంది. మొదట్లో డెంటల్ సీటు తీసుకున్నవాళ్లలో చాలామంది తర్వాతి రౌండ్లలో ఎంబీబీఎస్ దొరకగానే వదిలేస్తారు. ఆ ఖాళీలు కిందికి జారుతూ వస్తాయి.

హొసూరురోడ్డు_నాన్న
థాంక్స్ మేడమ్. కానీ మా బావమరిది కూతురికి నిరుడు 548కే రాలేదు. ఇది మేం కళ్లారా చూసిన సంగతి. 446కి ఎలా వస్తుంది?

లెక్కల_మేడమ్
అదే కదండీ చెబుతున్నది! నిరుటి 548 కంటే ఈ ఏటి 446 మంచి ర్యాంకై ఉండొచ్చు. ఆ అమ్మాయి ర్యాంకెంతో అడిగి రాయండి, మార్కులు కాదు.

అనంతపురం_అల్లుడు
అన్నా, ఆంధ్రాలో కూడా అప్లై చెయ్యండి. కడప, విజయవాడల్లో ప్రభుత్వ డెంటల్ కాలేజీలున్నాయి.

కేఆర్‌పురం_అమ్మ
ఎక్కడ చేస్తారండీ? ఆంధ్రాలో లోకల్ కావాలంటే చివరి నాలుగేళ్లు అక్కడే చదవాలి. మా అబ్బాయి పుట్టింది చిత్తూరులో, చదివింది ఇక్కడ. అక్కడికి వెళ్తే నాన్‌లోకల్. లోకల్ వాళ్లకు పోగా మిగిలిన 15 శాతం సీట్ల కోసం తల్లిదండ్రుల్లో ఒకరు పదేళ్లు ఆంధ్రాలో ఉన్నట్టు సర్టిఫికెట్ కావాలి. దాని కోసం మా ఆయన ఆఫీసుకు సెలవులు పెట్టి తిరిగిన తిరుగుడు నాకు తెలుసు. ఇక్కడేమో మా కుల రిజర్వేషన్ మాకు పనికిరాదు, వలస వచ్చినవాళ్లం కాబట్టి జనరల్‌లోనే చూస్తారు. రెండు చోట్లా మేం బయటివాళ్లమే. పన్ను మాత్రం రెండు చోట్లా కట్టాం.

అనంతపురం_అల్లుడు
అక్కా, ఆయన జనరలే అని రాశారు కదా.

కేఆర్‌పురం_అమ్మ
నేను నా సంగతి చెప్పాను. చెప్పకూడదా?

పోరూరు_పంటిడాక్టర్
హొసూరురోడ్డు గారూ, నేను చెన్నైలో ప్రాక్టీస్ చేస్తున్నాను. సీటు వస్తుందా రాదా అని ఇంతసేపు మాట్లాడారు. ఏది మంచి కాలేజీ అని ఒక్కరూ అడగలేదు. పేరున్నవి అంటే ఏ లెక్కన? ఎన్‌ఐఆర్‌ఎఫ్ అని కేంద్రం కాలేజీలకిచ్చే ర్యాంకు చూసి చెబుతున్నారా? ఆ ర్యాంకులో పరిశోధనా పత్రాలకు పెద్ద పీట. చెన్నైలోనే సవీత కాలేజీ ఆ జాబితాలో మొదటి స్థానంలో నిలిచింది. తన పత్రాలను తానే విపరీతంగా ఉటంకించుకుంటోందని 2023లో సైన్స్ పత్రిక కథనం వేసింది. మీ అమ్మాయి పన్ను పీకడం నేర్చుకోవడానికి ఆ పత్రాలు పనికొస్తాయా?

చూడాల్సింది ఓపీ, అంటే రోజూ చూపించుకోవడానికి వచ్చే పేషెంట్లు. నేను చదివిన ప్రైవేటు కాలేజీ భవనం అద్దంలా ఉండేది, పేషెంట్లు లేరు. ఫైనలియర్‌లో కంప్లీట్ డెంచర్ (మొత్తం కట్టుడు పళ్ల సెట్టు) కేసులు చెప్పినన్ని పూర్తి చేయాలంటే, నోట్లో ఒక్క పన్నూ లేని మనిషి కావాలి. మేం ఊరి చివర టీకొట్ల దగ్గర పెద్దవాళ్లను బతిమాలి, ఆటో డబ్బులిచ్చి, టిఫిన్ పెట్టించి తీసుకొచ్చేవాళ్లం. రెండోసారి కొలతకు ఆయన రాకపోతే మళ్లీ మొదటికే. నా బ్యాచ్‌లో ఒకమ్మాయి సొంత నాయనమ్మను నెల్లూరు నుంచి రప్పించింది. ప్రభుత్వ కాలేజీలో ఆ బాధ ఉండదు, పొద్దున్నే ఓపీ చీటీల దగ్గర క్యూ ఉంటుంది. అది బెంగళూరైనా, బళ్లారైనా.

హొసూరురోడ్డు_నాన్న
డాక్టర్ గారూ, బళ్లారి సంగతి నేను అడగలేదు.

పోరూరు_పంటిడాక్టర్
అడగకపోవడమే నాకు ఆశ్చర్యం. కర్ణాటకలో బళ్లారిలో కూడా ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది. మీ ర్యాంకుకు బెంగళూరు కంటే అదే దగ్గర. ఆ ఊళ్లో తెలుగు మాట్లాడేవాళ్లూ చాలామంది ఉన్నారు.

లాంగ్‌టర్మ్_తమ్ముడు
బళ్లారిలో బీడీఎస్ (డెంటల్ డిగ్రీ) కంటే లాంగ్ టర్మ్ నయం. ఎలాగూ డెంటల్ అంటే ఎంబీబీఎస్ రానివాళ్లు తీసుకునేదే కదా.

పోరూరు_పంటిడాక్టర్
తమ్ముడూ, ఆ మాట ఇంకోసారి అనకు. నాలుగేళ్లు చదివి, ఏడాది ఇంటర్న్‌షిప్ చేసి, సొంతంగా కుర్చీ పెట్టుకుని బతుకుతున్నవాళ్లం ఇక్కడ ఉన్నాం. డెంటల్‌ను మిగిలిపోయిన సీటుగా చూసే ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలు మొదటి ఏడాదంతా మళ్లీ నీట్ పుస్తకాలు ముందేసుకుని కూర్చుంటారు. డెంటల్ అనాటమీలో మైనం దిమ్మె మీద పన్ను చెక్కమంటే ఏడుస్తారు. రెంటికీ చెడతారు. హొసూరురోడ్డు గారూ, మీ అమ్మాయికి అసలు డెంటల్ ఇష్టమేనా? మీరు ఒక్క ముక్క రాయలేదు.

హొసూరురోడ్డు_నాన్న
మా పిల్ల ఇష్టాల గురించి మీకెందుకండీ? ర్యాంకు చెప్పాను, సీటు వస్తుందా అని అడిగాను. మీ కాలేజీలో పేషెంట్లు లేకపోతే ఆ కోపం నా మీద చూపిస్తారేంటి?

లెక్కల_మేడమ్
ఇద్దరూ కాస్త ఆగండి. అన్నగారూ, ఆప్షన్లలో ఇప్పటికి ఎన్ని పెట్టారు?

హొసూరురోడ్డు_నాన్న
మూడు. ప్రభుత్వ డెంటల్, ఆర్‌వీ, రామయ్య. అంతే.

లెక్కల_మేడమ్
మూడేనా! కింద ఎన్ని పెట్టినా పైవాటికి నష్టం లేదు. పైది దొరికితే కిందివాటిని చూడనే చూడరు. ఒకటో ఆప్షన్ మీకు అందకపోతేనే రెండోది. మూడే పెడితే ఖాళీ చేతులతో మిగిలే ప్రమాదం ఉంది. మాక్ అలాట్‌మెంట్, అంటే అసలుకు ముందు నమూనాగా చూపే సీట్ల కేటాయింపు, వచ్చాక మార్చుకోవడానికి గడువిస్తారు. ఈలోగా పెంచండి.

హొసూరురోడ్డు_నాన్న
అమ్మాయి మొదట పదకొండు పెట్టింది. బళ్లారి రెండోది. నేనే తీయించాను. పిల్లకు డెంటల్ ఇష్టమే, చిన్నప్పుడు క్లిప్పు వేసిన డాక్టరమ్మను చూసినప్పటి నుంచీ అదే అంటోంది. ఇష్టం లేక కాదు. ఆడపిల్లను హాస్టల్లో పెట్టి ఐదేళ్లు మేం ఇక్కడ ఉండలేం. వాళ్లమ్మకు ఒంట్లో బాగుండదు. పైగా మా ఊళ్లో అందరూ అడుగుతారు, బెంగళూరులో ఉండి బళ్లారి పంపావా అని.

పోరూరు_పంటిడాక్టర్
అలా చెప్పండి. ఇంట్లో మనిషి అవసరం ఉందంటే నేను కాదనను. కానీ అది టాప్ కాలేజీ ప్రశ్న కాదు, ర్యాంకు ప్రశ్న అంతకంటే కాదు. ఊళ్లో అడిగేవాళ్ల కోసమైతే మాత్రం ఒప్పుకోను. పిల్ల రెండో స్థానంలో రాసుకున్నదాన్ని ఆ కారణంతో తీసేస్తే అన్యాయం.

హొసూరురోడ్డు_నాన్న
మీకు అన్యాయంగా కనిపించొచ్చు. నా ఇల్లు నేను చూసుకోవాలి.

కేఆర్‌పురం_అమ్మ
బెంగళూరు నుంచి బళ్లారికి రాత్రి రైలెక్కితే పొద్దునకు దిగుతారు అన్నగారూ. మా అబ్బాయి దూరంగానే చదువుతున్నాడు, పండగలకు వస్తాడు. వాళ్లమ్మనే ఒకసారి అడగండి, ఆవిడ ఏమంటారో.

లాంగ్‌టర్మ్_తమ్ముడు
డాక్టర్ గారూ, మీకు కోపం తెప్పించాలని కాదు. మా ఇంట్లో నాకు చెప్పిందే రాశాను.

పోరూరు_పంటిడాక్టర్
సరే తమ్ముడూ. నీకేం చదవాలనుందో నువ్వూ ఒకసారి రాయి.

హొసూరురోడ్డు_నాన్న
ఆప్షన్లు పెంచుతాను. మేడమ్ చెప్పినట్టు మిగతా బెంగళూరు కాలేజీల ప్రభుత్వ కోటా సీట్లన్నీ పెడతాను. బళ్లారి వాటి తర్వాతే. రెండో స్థానానికి మాత్రం తీసుకురాను.

లెక్కల_మేడమ్
సేవ్ చేశాక ప్రింట్ తీసి పెట్టుకోండి. బావమరిది గారి అమ్మాయి ర్యాంకు ఇంకా రాయలేదు మీరు.