గ్రీకు దేవుళ్ల పిల్లల నవలలు: ఏ వరసలో చదివించాలి?

ప్రశ్న (ఒంగోలు): మా పిలకాయకి పదకొండేళ్లు. పెర్సీ జాక్సన్ (గ్రీకు దేవుడికి పుట్టిన పిల్లాడి కథ) సిరీస్ అడుగుతున్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలి? జ్యూస్, జూపిటర్ ఒకరేనా, వేరా?

జవాబు 1: ‘ద లైట్నింగ్ థీఫ్’తో మొదలుపెట్టండి. 2005 నుంచి 2009 దాకా ఏడాదికొకటి చొప్పున వచ్చిన అయిదు పుస్తకాలూ వరసగా చదవాలి. ఆ తర్వాతే దాని కొనసాగింపు సిరీస్ ‘హీరోస్ ఆఫ్ ఒలింపస్’ (2010–14), అవీ అయిదే. అట్ట బాగుందని ఇందులో మొదటిదైన ‘ద లాస్ట్ హీరో’ ముందు తీశాడా, ఇక అంతే! అందులో పెర్సీ కనిపించడు, పాత కథ ముగింపేమో ముందే తెలిసిపోతుంది. అదే రచయిత రాసిన ‘కేన్ క్రానికల్స్’ ఈజిప్టు దేవుళ్ల కథ, దాన్ని మధ్యలో కలపొద్దు.

జవాబు 2 (నెల్లూరు): పేర్ల తికమకకి నోటు పుస్తకం వెనక పేజీలో రెండు గడులు గీయించండి: ఎడమ గ్రీకు పేరు, కుడి అదే దేవుడి రోమన్ పేరు. జ్యూస్–జూపిటర్, పొసైడన్–నెప్ట్యూన్, ఏరీస్–మార్స్, హెర్మీస్–మెర్క్యురీ. అపోలో మాత్రం రెండు చోట్లా అపోలోనే. గ్రహాల ఇంగ్లీషు పేర్లు యురేనస్, ఎర్త్ తప్ప రోమన్ దేవుళ్లవే కాబట్టి కుడి గడి సగం వాడికి వచ్చే ఉంటుంది.

జవాబు 3: పేరు మారితే స్వభావమూ మారుతుందండీ, రెండో సిరీస్‌లో అసలు రుచి అదే. గ్రీకులకి యుద్ధదేవుడు ఏరీస్ అంటే రక్తపిపాసి, పెద్దగా గౌరవం లేదు. రోమన్లకి మార్స్ రోములస్ తండ్రి, అంటే వంశానికి మూలపురుషుడు. ఎథీనాకీ, ఆమె రోమన్ రూపం మినర్వాకీ ఉన్న తేడా ఆ సిరీస్‌లోని ‘ద మార్క్ ఆఫ్ ఎథీనా’లో కథకే ఇరుసు.

ప్రశ్న వేసినవారు: గడులు ఇవాళే గీయిస్తా. సినిమా ముందు చూపించొచ్చా?

జవాబు 1: వద్దు. పుస్తకంలో పన్నెండేళ్ల పిల్లాణ్ని 2010 సినిమాలో టీనేజర్ని చేసేశారు.