కూలెంట్ పైపు జాయింటు విరిగితే మళ్ళీ ప్లాస్టిక్‌దేనా, ఇత్తడిదా?

స్పానర్_సెట్:
ఎనిమిది, పదేళ్ళు దాటిన కార్లలో కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) వెళ్ళే హీటర్ పైపుల మధ్య ఉండే నల్ల ప్లాస్టిక్ టీ (T ఆకారపు) జాయింటు గానీ, థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి పోనివ్వని కవాటం) దగ్గరి ఎల్బో (వంపు జాయింటు) గానీ చెయ్యి తగిలితేనే పుటుక్కున విరుగుతోంది. షెడ్డులో ఇత్తడిది వేయించమంటారు. షోరూమ్‌లో పైపుతో సహా కొత్త సెట్టు కొనమంటారు. మన ఎండలకి హీటరెందుకు, దాని రెండు పైపుల్నీ కలిపేసి లూపు కొట్టేయమనేవాళ్ళూ ఉన్నారు. ఇంట్లో మార్చుకునేవాళ్ళకి ఏది మేలు? కారణంతో సహా చెప్పండి.

బెజవాడ_బోల్ట్:
ఇత్తడే. ఆ ప్లాస్టిక్ చాలావరకు గాజు నార కలిపిన నైలాన్. 90, 100 డిగ్రీల వేడిలో కూలెంట్‌లోని గ్లైకాల్ నీళ్ళు తాగీ తాగీ దాని పట్టు పోతుంది. పైకి నిగనిగలాడుతుంది, లోపల బిస్కెట్టులా ఉంటుంది. అదే సరుకు మళ్ళీ వేస్తే మళ్ళీ అదే గతి.

మిల్లీమీటర్:
ఎనిమిదేళ్ళు ఆగిన సామాను ఇంకో ఎనిమిదేళ్ళు ఆగితే నష్టమేంటి అన్నా? హార్డ్‌వేర్ షాపులో దొరికే ఇత్తడి జాయింటుతోనే అసలు చిక్కు. దాని కొలత మన పైపుకి సరిగ్గా కుదరకపోవచ్చు. పైగా చాలావాటికి మూతి దగ్గర ఉబ్బు ఉండదు, నున్నగా ఉంటుంది. రేడియేటర్ మూత 1.1 బార్ ఒత్తిడిదాకా ఆపేది అనుకుందాం. 19 మిల్లీమీటర్ల పైపులో జాయింటుని బయటికి నెట్టే బలం సుమారు 3 కిలోలు. వేడికి రబ్బరు మెత్తబడ్డాక నున్నటి గొట్టం మీద నుంచి పైపు కొంచెం కొంచెంగా జారి, హైవే మీద ఒక్కసారిగా ఊడుతుంది.

బెజవాడ_బోల్ట్:
నేను చెప్పేది ఆటో స్పేర్ పార్ట్స్ షాపుల్లో దొరికే ఉబ్బు ఉన్న జాయింటు గురించి. వెర్నియర్‌తో (సన్న కొలతలు తీసే పరికరం) కొలిచి తీసుకుంటే ఊడదు.

పాత_ఇంజన్:
అల్యూమినియం ఇంజన్‌లో ఇత్తడి పెడితే తుప్పు కదా అని ఎవరైనా అడిగేలోపే చెప్తున్నా. రెండు లోహాల మధ్య రబ్బరు పైపు ఉంది కాబట్టి నేరుగా తాకవు. కూలెంట్ బాగుంటే పెద్ద నష్టం లేదు. కానీ కుళాయి నీళ్ళు, బోరు నీళ్ళు పోసి నడిపే బండిలో రాగి కరిగి వెళ్ళి అల్యూమినియం మీద చేరి గుంతలు పెడుతుంది. కాబట్టి ఇత్తడి వేసేవాళ్ళు కూలెంట్ గడువు దాటనివ్వకూడదు.

ఇంకోటి. క్లిక్ మని పడే, తీగ క్లిప్ ఉన్న జాయింటుకి బదులుగా ఇత్తడిది మామూలుగా దొరకదు. అక్కడ కంపెనీ పార్టే వేయాలి. చర్చ అంతా రెండు వైపులా పైపు తొడిగే టీ, ఎల్బోల గురించే.

మిల్లీమీటర్:
ఒప్పుకుంటా. అయితే ఏది వేసినా పాడయ్యేది బిగింపులో, కాబట్టి పని ఎలా చేయాలో వివరంగా రాస్తున్నా.

ఇంజన్ ఆపాక కనీసం మూడు గంటలు ఆగండి. వేడిగా ఉండగా మూత తీస్తే మరిగే నీళ్ళు మొహాన కొడతాయి. ఫ్యాను దానంతటదే తిరగొచ్చు, బ్యాటరీ మైనస్ తీసేయండి. రేడియేటర్ కింది ప్లాస్టిక్ బిరడా జోలికి పోవద్దు, పాతబడితే అదీ విరుగుతుంది. కింది పైపు వదులు చేసి టబ్బులోకి దించండి. ఆ నీళ్ళు తియ్యగా ఉంటాయి, కుక్కలు తాగితే చస్తాయి. కాలువలో పోయొద్దు.

తీగ క్లిప్‌ని చదును స్క్రూ డ్రైవర్‌తో ఆగేంత వరకు పైకి లేపితే చాలు. ముందు జాయింటుని లోపలికి నొక్కండి, తర్వాత అటూ ఇటూ తిప్పుతూ లాగండి. నేరుగా గుంజితే ఇంజన్ వైపు మూతి విరుగుతుంది.

ఇప్పుడు విరిగిన ముక్కలన్నీ టేబుల్ మీద పేర్చి చూడండి. జాయింటు మూతి గుండ్రం పూర్తవ్వకపోతే మిగతా ముక్క పైపులోనే ఉంది. చిన్న పెంకైనా సరే, హీటర్ కోర్‌లోనో (హీటర్ లోపలి చిన్న రేడియేటర్) థర్మోస్టాట్‌లోనో ఇరుక్కుంటుంది. ఈ ఒక్క దగ్గర తొందరపడొద్దు.

మూతి మీది తెల్ల పొరని పాత్రలు తోమే పీచుతో తుడవండి, గరుకు కాగితంతో గీతలు పెట్టొద్దు. ఓ-రింగు (లీకు ఆపే రబ్బరు ఉంగరం) కొత్తదే వేయాలి, కూలెంట్‌తో తడిపి. మామూలు గ్రీజు పూస్తే ఆ రబ్బరు ఉబ్బి పాడవుతుంది. పైపు చివర పగుళ్ళుంటే 15 మిల్లీమీటర్లు కోసేయండి, పొడవు చాలితేనే. క్లిప్ ఉబ్బుకి వెనకాల, పైపు అంచుకి 3 నుంచి 5 మిల్లీమీటర్లు లోపల కూర్చోవాలి.

బెజవాడ_బోల్ట్:
స్ప్రింగ్ క్లిప్ తీసేసి స్క్రూ క్లిప్ వేయడం మేలు కదా?

మిల్లీమీటర్:
ప్లాస్టిక్ మీద కాదు. ప్లాస్టిక్ వేడికి మెల్లగా కుంచించుకుపోతుంది, స్క్రూ క్లిప్ ఎక్కడ ఆపితే అక్కడే ఉంటుంది. స్ప్రింగ్ వెంట వచ్చి బిగుస్తుంది. స్క్రూ క్లిప్‌ని బలంగా తిప్పి కొత్త జాయింటునే నొక్కి పగలగొట్టేవాళ్ళు ఎక్కువ. ఇత్తడి మీద అయితే స్క్రూ క్లిప్ వేసుకో అన్నా, పైపుని కోయకుండా అంచులు వంచిన క్లిప్ చూసి.

స్పానర్_సెట్:
ఎం-సీల్ పూసి కొన్నాళ్ళు నడపడం, లూపు కొట్టడం?

పాత_ఇంజన్:
ఎం-సీల్ జిడ్డు మీద, ఒత్తిడి కింద పట్టదు. షెడ్డుకి చేరేందుకు కూడా నమ్మొద్దు. కూలెంట్ పోయాక సెన్సారు ఖాళీ గాల్లో ఉండి వేడి చూపే ముల్లు మామూలుగానే చూపించొచ్చు, ఈలోపు ఇంజన్ పైభాగమైన హెడ్ వంగిపోతుంది.

లూపు అంటే రెండు పైపుల్ని కలపడం, అది తాత్కాలికంగా పర్వాలేదు. బిరడాలు కొట్టి మూసేయడం మాత్రం తప్పు. చాలా ఇంజన్లలో థర్మోస్టాట్ తెరుచుకునేదాకా నీళ్ళు తిరిగే దారి హీటర్ వైపుదే. ఇక డిసెంబరులో లంబసింగి వెళ్ళేవాళ్ళకి హీటర్ అక్కర్లేదని ఎవరూ చెప్పలేరు.

బెజవాడ_బోల్ట్:
ఇరుకు ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) పక్కన, చెయ్యి దూరని చోట ఇత్తడే అని నా మాట మార్చుకోను. అక్కడ మళ్ళీ మళ్ళీ విప్పడం కుదరదు. నింపే సంగతి కూడా రాయండి.

మిల్లీమీటర్:
కూలెంట్‌ని అదే రంగు చూసి కాదు, మాన్యువల్‌లో రాసిన రకం చూసి కొనండి. చిక్కటిదైతే డిస్టిల్డ్ వాటర్ సగానికి సగం. కలిపి అమ్మేదైతే నీళ్ళు కలపొద్దు. హీటర్ వేడి చివరికి తిప్పి, గాలి బయటికి పోయే స్క్రూ ఉంటే వదులు చేసి, సన్నటి ధారగా పోయండి. బ్యాటరీ మైనస్ మళ్ళీ పెట్టి స్టార్ట్ చేసి, ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఉంచండి. డాష్‌బోర్డులో గలగలమంటే ఇంకా గాలి ఉంది. మర్నాడు పొద్దున చల్లటి ఇంజన్ మీద కూలెంట్ డబ్బాలో మట్టం చూసి, తగ్గినంత పోసి, జాయింటు కింద పొడి టిష్యూ అద్ది చూడండి.