గుండ్రటి అల్లికలో రంగు చారలు: స్పైరల్‌గా అల్లాలా, ప్రతి రౌండూ కలపాలా?

ఊలుండ: సింగిల్ క్రోషే (కొక్కెం సూదితో వేసే పొట్టి, మామూలు కుట్టు) టోపీ, రెండేసి రౌండ్లకో రంగు. స్పైరల్‌గా, అంటే రౌండు కలపకుండా చుట్టూ అల్లుకుంటూ పోతే, రంగు మారే చోట మెట్టు పడుతోంది. రౌండు చివరని మొదలుకి స్లిప్ స్టిచ్‌తో (ఎత్తు దాదాపు లేని చిన్న కుట్టు) కలిపితే నిలువునా అతుకు గీత. ఏది మేలంటారు?

కొక్కెం: స్పైరలేనండీ. అందులో రౌండు చివర, మొదలు కంటే ఒక వరస ఎత్తున ఉంటుంది. మెట్టు అదే, దాన్ని దించితే చాలు. పాత రంగులో ఆఖరి కుట్టు పూర్తి చెయ్యకుండా, కొక్కెం సూది మీద రెండు లూపులుండగా కొత్త రంగు లాగండి. తర్వాతి కుట్టు సింగిల్ క్రోషే కాదు, స్లిప్ స్టిచ్, అదీ వదులుగా. మిగతాది మామూలే. చుట్టి వచ్చాక ఆ స్లిప్ స్టిచ్‌లోనే సింగిల్ క్రోషే వెయ్యాలి. చిన్నగా ఉందని దాటేస్తే ఒక కుట్టు తగ్గిపోతుంది.

దారప్పోగు: ఒక్క రౌండు చారలకి ఈ చిట్కా పనికిరాదు. ప్రతి రౌండులోనూ స్లిప్ స్టిచ్ పడి అక్కడ అల్లిక కిందికి గుంజుతుంది. పైగా మార్పు చోటు వరసవరసకీ పక్కకి జరిగి, చారల మీద ఏటవాలు గీత తేలుతుంది.

కొక్కెం: కలిపి అల్లినా జరుగుతుందిగా! సింగిల్ క్రోషేలో కుట్టు తల (పైన కనబడే రెండు లూపులు) కాడకి (కింది నిలువు భాగానికి) సరిగ్గా పైన కూర్చోదు. కుడిచేత్తో అల్లితే గీత కుడికే వాలుతుంది. స్పైరల్‌ని తిట్టి లాభం లేదు.

దారప్పోగు: అందుకే నేను స్లిప్ స్టిచ్‌తో కలపనసలు. 15 సెం.మీ. వదిలి తెంపి, ఆఖరి లూపు పైకి లాగేసి, కొసని ఊలు సూదికి ఎక్కిస్తాను. మొదటి కుట్టు వదిలి రెండో కుట్టు తల కింద సూది దూర్చి, వెనక్కొచ్చి ఆఖరి కుట్టు వెనక లూపులోంచి దించుతాను. ఆ దొంగకుట్టు మొదటి కుట్టు తలని కప్పేస్తుంది కాబట్టి లెక్క మారదు. కొత్త రంగు నాలుగైదు కుట్ల అవతల మొదలుపెడితే అతుకులు ఒకే చోట పేరుకోవు.

కొక్కెం: 20 చారలకి 40 కొసలు! ఎవరు దాచాలి?

బొమ్మలపెట్టె: బొమ్మయితే కొసలు లోపల ముడేసి దూదిలోకి తోసెయ్యొచ్చు. టోపీలో ముడి నుదుటికి గుచ్చుకుంటుంది. ఊలుండ గారూ, మీవి రెండే రంగులైతే తెంపకండి. వాడని దారాన్ని లోపలి వైపు వేలాడనిచ్చి, రెండు రౌండ్ల తర్వాత అక్కడే అందుకోండి. బిగించి లాగితే ఆ చోట ముడతలు పడతాయి. టోపీని కాస్త సాగదీసి పట్టుకుని, ఆ ఎత్తుకి సరిపడా దారం వదలండి.

ఊలుండ: మూడు రంగులండీ.

బొమ్మలపెట్టె: అయినా తెంపకుండా దారం పైకి తేవచ్చు. లోపల నాలుగు రౌండ్ల పొడుగు దారం వేలు తగిలి లాగుకుంటుంది, అందుకని మధ్యలో ఒకసారి కుట్టు కింద ఇరికించండి. ముదురు రంగుని లేత చార కింద మాత్రం ఇరికించొద్దు, బయటికి కనబడుతుంది.