చర్చ: 2012 ఏప్రిల్ 11న చెన్నైలో జనాన్ని పరుగెత్తించడం అవసరమా?

తిరువాన్మియూర్ శ్రీను
ఆ మధ్యాహ్నం సుమత్రా దగ్గర 8.6 భూకంపం. మా ఫ్లాటూ ఊగింది. సునామీ రావచ్చన్నారు. దిగే హడావుడిలో మెట్ల మీద అమ్మ పడి తుంటి ఎముక విరిగింది. సాయంత్రానికి హెచ్చరిక ఎత్తేశారు, సముద్రం ఇటు రానే లేదు. అమ్మ ఇప్పటికీ వాకర్‌తోనే నడుస్తోంది.

కాశిమేడు రమణ
2004 డిసెంబర్ 26న అక్కడ భూమి కదిలింది ఆరున్నరకి, ఇక్కడికి నీళ్లొచ్చింది తొమ్మిది కావస్తుండగా. రెండు గంటల పైనే టైముంది, ఒక్కరూ చెప్పలేదు. మా బాబాయి ఇసుక మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. హైదరాబాద్‌లో హెచ్చరిక కేంద్రం వచ్చింది 2007లో. మీకు చెప్పినందుకు కోపమా?

శ్రీను
అప్పుడు 9.1, ఇప్పుడు 8.6. రెండూ పెద్దవే. ఒకటి ముంచింది, ఇంకోటి ఏం చేయలేదు. తేడా తెలియకుండానే చెప్పేస్తారా?

గిండీ పద్మ
సైజు ఒక్కటే చూడకండి. భూమి పైపొర పెద్ద పెద్ద రాతి పలకలుగా ఉంటుంది. 2004లో తెగింది మన దేశం ఉన్న పలక పక్కనున్న బర్మా పలక కిందికి దూరే అంచు. రెండూ ఏళ్ల తరబడి బిగుసుకుపోయి, పైపలక అంచు కిందికి వంగుతూ వచ్చింది. పట్టు తప్పగానే దాదాపు 1300 కిలోమీటర్ల పొడవునా ఎగిరి లేచి, మీదున్న నీళ్లనీ లేపింది. 2012లో తెగింది ఆ అంచు కాదు, మన పలక లోపల. అరచేతులు ఆనించి ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి జరిపినట్టు పక్కకి జారింది. నీళ్లు పెద్దగా లేవలేదు. కానీ మొదటి నిమిషాల్లో తెలిసేది ఎక్కడ, ఎంత అనేదే. ఎటు జారిందో తేలడానికి ఇంకాస్త టైము పడుతుంది.

అన్నానగర్ కిట్టు
ముందు సముద్రం వెనక్కి పోతుంది కదా? అది చూస్తే చాలు.

పద్మ
దయచేసి ఆ మాట నమ్మకండి. 2004లో థాయిలాండ్ వైపు సముద్రం అడుగు కుంగింది, అక్కడ ముందు నీళ్లు తగ్గాయి. మన వైపు అడుగు లేచింది, ముందు వచ్చింది పొంగే నీళ్లే.

రమణ
నేను రోడ్డు మీద నుంచి చూశాను. పాలు పొంగినట్టే పొంగింది. వెనక్కి పోవడం ఆ తర్వాత.

వేలచ్చేరి సుధ
అండమాన్‌లో బ్యారన్ అగ్నిపర్వతం కూడా ఇలా పలక కిందికి దూరడం వల్లేనా?

పద్మ
అవునండి. దిగిపోయే పలక లోతులో నీటిని వదులుతుంది. ఆ నీరు చేరితే పైనున్న రాయి తక్కువ వేడికే కరుగుతుంది.

రమణ
శ్రీనుగారూ, మీ ఇల్లు రెండో అంతస్తు కదా. సునామీ అంటే కిందికెందుకు దిగారు?

శ్రీను
తప్పు మాదంటారా? వాచ్‌మన్ వచ్చి సముద్రం వస్తోంది, పరుగెత్తండి అన్నాడు. ఎక్కడికని ఎవరూ చెప్పలేదు. నా బాధంతా అదే. పైకెక్కమని ఒక్కరు చెప్పినా అమ్మ పడేది కాదు.

రమణ
ఇది ముందే అనుంటే నేను అంత మాట అనేవాణ్ణి కాదు. ఇప్పుడైనా టెర్రస్ మీదికి దారి ఉందా?

శ్రీను
తాళం వేసి ఉంటుంది. తాళంచెవి అసోసియేషన్ సెక్రటరీ దగ్గర, ఆయన ఊళ్లో ఉండరు.

రమణ
ఆదివారం వస్తాను. ఇద్దరం కలిసి అడుగుదాం.